‘అవును, మేం తిరుగుబోతులమే’: బీచ్ రోడ్డు నడకలో నా ప్లకార్డు మీద గొడవ

కెరటం_కింద · సోమవారం, ఉదయం 9.10

శనివారం రాత్రి విశాఖ బీచ్ రోడ్డు మీద ఆడవాళ్ళ నడకలో, కాళీమాత గుడి నుంచి వైఎంసీఏ దాకా నడిచినవాళ్ళలో చాలామంది ఇక్కడ ఉన్నారు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. వాట్సాప్‌లో నిన్నటి నుంచి నడుస్తున్నది చర్చలా లేదు. ఒకరి వాయిస్ మెసేజి పూర్తిగా వినేలోపు ఇంకో నాలుగు పడుతున్నాయి.

ఆ ప్లకార్డు రాసింది నేనే. పసుపు చార్టు, నల్ల మార్కరు. ‘అవును, మేం’ అని గొప్పగా పెద్దక్షరాలతో మొదలుపెట్టి, చివరికొచ్చేసరికి చోటు చాలక ‘లమే’ని అంచుకి ఇరికించాను.

ఎందుకు రాశానో చెప్తాను. మా హాస్టల్లో రాత్రి ఎనిమిదిన్నర తర్వాత బయటికెళ్ళాలంటే గేటు దగ్గర పుస్తకంలో సంతకం పెట్టాలి. పేరు, రూము నంబరు, వెళ్ళిన టైము, వచ్చిన టైము, చివర్న ‘కారణం’ అని ఒక గడి. మూడేళ్ళుగా ఆ గడిలో ‘మెడికల్ షాపు’ అని రాస్తున్నాను. నాకున్న రోగాలు చూసి వాచ్‌మన్ తాతకే జాలేస్తోంది. ఒకరోజు ఒళ్ళు మండి ‘ఊరికే, గాలి కోసం’ అని రాశాను. మర్నాడు ఆఫీసు గదికి పిలిచి ‘తిరుగుబోతు వేషాలు ఇక్కడ కుదరవు’ అన్నారు. అన్నది కూడా ఆడమనిషే.

నా మీద వేసిన మాటే కదా, దాన్నే ఎత్తి పట్టుకుందాం అనుకున్నాను. తిరుగుబాటు, తిరుగుబోతు రెండూ ‘తిరుగు’లోంచే పుట్టాయని నాలో నేను మురిసిపోయాను కూడా. ఇప్పుడు ఆ ఫొటోని ఎవరో కత్తిరించి ఊరంతా తిప్పుతున్నారు. నిన్న గౌరక్క ఫోన్ చేశాక నిద్ర పట్టలేదు. తప్పు చేశానా? మొహమాటం లేకుండా చెప్పండి.

రాత్రి_డ్యూటీ · ఉదయం 9.40

డ్యూటీ దిగి ఇప్పుడే ఇంటికొచ్చాను, రెండు ముక్కలు రాసి పడుకుంటా. నేను నర్సుని. మీరు శనివారం నడిచిన రోడ్డు మీదే వారంలో నాలుగు రాత్రులు నడుస్తాను. ప్లకార్డు ఉండదు, ఫొటోలు తీసేవాళ్ళుండరు. మెడలో ఐడీ కార్డు మాత్రం చున్నీ మీదకి కనపడేలా వేసుకుంటాను. ‘పని మీద వెళ్తున్నాను బాబూ, తిరుగుబోతుని కాను’ అని చెప్పే ప్లకార్డు అదే అనుకోండి.

అందుకని ఆ అమ్మాయి రాసింది చూస్తే నాకు నవ్వొచ్చింది. బాగుందనే నవ్వు. మిగతాది లేచాక.

గాజువాక_గౌరి · మధ్యాహ్నం 1.25

చెల్లీ, ఫోన్లో గట్టిగా మాట్లాడాను, ఏమనుకోకు. మాట మాత్రం వెనక్కి తీసుకోను.

ఫొటోలో నీ ప్లకార్డు పక్కన కనిపించే నీలం చున్నీ నాదే. నా చేతిలోనూ ఒకటుంది, ‘రాత్రి షిఫ్టుకి బస్సు వెయ్యాలి’ అని. మా పాప చేత రాయించాను. కత్తిరించినవాడు దాన్ని కోసేశాడు. మిగిలింది నా మొహం, పక్కన నీ ‘తిరుగుబోతులమే’. ఆదివారం పొద్దున్నకల్లా అది మా వీధి గ్రూపులోకి వచ్చేసింది. ఇంటి ఓనరుగారి భార్య మెట్ల మీద ఆపి ‘ఇది నువ్వేనా అమ్మా’ అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది, ఎదురు తిట్టేదాన్ని.

నీకు ఈ హాస్టల్ కాకపోతే ఇంకో హాస్టల్. మాకు ఇల్లు దొరకాలంటే ముందు పేరు ఉండాలి. బట్టల కంపెనీలో రాత్రి పదింటికి దిగే షిఫ్టు అని చెప్పగానే సగం మంది ‘ఇల్లు ఖాళీ లేదమ్మా’ అంటారు, గుమ్మానికి టూలెట్ బోర్డు వేలాడుతూనే ఉంటుంది. మా లైన్లో పదకొండు మందిని పోరుపెట్టి ఆ నడకకి నేనే తీసుకొచ్చాను. ఇంకోసారి రమ్మంటే వస్తారా?

లైబ్రరీ_మెట్లు · మధ్యాహ్నం 2.15

గౌరి గారి బాధ అర్థమైంది. కానీ ఈ తగవు మన బీచ్ రోడ్డులో మొదలైంది కాదు కాబట్టి కొంచెం వెనక్కి వెళ్తాను.

2011 జనవరిలో కెనడాలోని టొరంటోలో, యార్క్ యూనివర్సిటీ లా కాలేజీలో భద్రత గురించి చెప్పడానికి ఒక కానిస్టేబుల్ వచ్చాడు. అఘాయిత్యాలు జరగకూడదంటే ఆడవాళ్ళు ‘స్లట్’ల్లా, అంటే తిరుగుబోతుల్లా, బట్టలు వేసుకోవడం మానాలని చెప్పి వెళ్ళాడు. ఏప్రిల్ 3న అక్కడి ఆడవాళ్ళు ఆ మాటనే పేరుగా పెట్టుకుని పోలీసు హెడ్‌క్వార్టర్స్ దాకా నడిచారు. అదే స్లట్‌వాక్. కొన్ని నెలల్లోనే ఎన్నో దేశాలకి పాకింది. జులైలో భోపాల్‌లో జరిగింది, నెలాఖరున ఢిల్లీలో. ఆ ఇంగ్లిషు మాట ఢిల్లీ వీధిలో ఎవరికీ గుచ్చుకోదు, అందుకని ‘బేశర్మీ మోర్చా’ అని పక్కన తగిలించారు. సిగ్గులేనితనం అన్నమాట. నా ఉద్దేశంలో అనువాదంలోనే పదును కొంచెం తగ్గింది. సిగ్గులేదా అని మన అమ్మలు రోజుకి నాలుగుసార్లు అంటారు.

అంతకు ముందు 2009లో మంగుళూరులో పబ్బుకి వెళ్ళిన అమ్మాయిల మీద దాడి జరిగినప్పుడు, దాడి చేసిన సంస్థ నాయకుడికి గులాబీ రంగు చడ్డీలు పోస్టులో పంపారు. పంపినవాళ్ళు తమ గుంపుకి పెట్టుకున్న పేరులోనే ‘పబ్బులకెళ్ళే, లూజ్, ఫార్వర్డ్’ అన్న మూడు మాటలూ ఉన్నాయి. ఎదుటివాడు తిట్టడానికి ఏమీ మిగల్చకుండా ముందే తమ మీద వేసుకోవడం. ఆ అమ్మాయి ప్లకార్డు ఆ వరసలోదే. నేను ఆమె పక్షం.

ఊరి_చివర · మధ్యాహ్నం 2.50

లైబ్రరీ గారూ, కథ సగమే చెప్పారు. ఆ ఏడాది సెప్టెంబరులో అమెరికాలో నల్లజాతి స్త్రీలు స్లట్‌వాక్ వాళ్ళకి బహిరంగ లేఖ రాశారు కదా, అది కూడా చెప్పండి. బానిసత్వం రోజుల నుంచి తమ ఒంటికి ఆ ముద్ర వేసే ఉందనీ, సరదాకైనా దాన్ని తమకు తాము తగిలించుకునే వెసులుబాటు తమకు లేదనీ రాశారు. కానిస్టేబుల్ మాటకి తెల్ల అమ్మాయిలకి కొత్తగా కోపం వచ్చింది. వీళ్ళకది కొత్త కాదు.

మాదీ అదే. అనకాపల్లి అవతల మా ఊళ్ళో మా అమ్మ పొలం పనికి వెళ్తుంటే గట్టు మీద కూర్చున్న మోతుబరి పేరు పెట్టి పిలిచింది నేను వినలేదు. ఏ మాటతో పిలిచేవాడో ఇక్కడ రాయను, మోడరేటర్ తీసేస్తారు. మా అమ్మ తలవంచుకుని వెళ్ళేది, కూలి డబ్బులు సాయంత్రం అతని చేతిలోంచే రావాలి. ‘అవును, నేను అదే’ అని మా అమ్మ అనుంటే అది తిరుగుబాటు అని ఎవరూ అనరు. సరే రా అంటారు.

ఆ మాట నిజం కాదని పది మందికి తెలిసినవాళ్ళే దాన్ని మెళ్ళో వేసుకుని నడవగలరు.

విశ్రాంత_మేష్టారు · మధ్యాహ్నం 3.30

అమ్మా, పెద్దవాడిని, మధ్యలో వస్తున్నాను. నలభై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పిన నోరు, ఊరుకోదు.

తిండిపోతు, తాగుబోతు, వాగుబోతు, తిరుగుబోతు. వీటన్నిటి చివరా ఉన్నది ‘పోతు’. మేకపోతు, దున్నపోతుల్లో ఉన్నదే. మగ జంతువు. అంటే మాట పుట్టుకలోనే మగవాడి వాసన ఉంది. మగవాడిని తాగుబోతు అంటే సినిమాల్లో హాస్యం, తిరుగుబోతు అంటే ‘వాడంతేలే’. అదే ఆడపిల్ల మీద పడేసరికి సంబంధాలు తప్పిపోతాయి. మా రోజుల్లో అయితే నూతిలో దూకేవారు కూడా. ‘బరితెగించడం’ కూడా అంతే. బరి అంటే గీసిన హద్దు. కోడిపుంజు బరి దాటితే పందెం పోతుంది, ఆడది దాటితే పరువు పోతుంది.

ఆ అమ్మాయి మాటని సరిగ్గానే పట్టుకుంది, రాయడమే చార్టు కొలత చూసుకోకుండా రాసింది.

ఊరి_చివర · మధ్యాహ్నం 3.42

మేష్టారూ, నమస్కారం. పుట్టుక పోతుదైనా పడేది మా మీదే కదండీ.

నాయనమ్మ_గజ్జెలు · సాయంత్రం 4.20

ఎప్పుడూ చదవడమే గానీ రాయను. మేష్టారు మాటల పుట్టుక ఎత్తారు కాబట్టి ఒకటి చెప్తాను.

సాని. ‘స్వామిని’ నుంచి వచ్చిందంటారు. దొరసాని అంటే ఇప్పటికీ గౌరవమే. ముందున్న ‘దొర’ని తీసేసి చూడండి. మా నాయనమ్మ కళావంతుల ఇంట్లో పుట్టింది. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ చట్టం వచ్చింది, గుళ్ళో ఆడపిల్లల్ని అంకితం చెయ్యడం నేరమైంది. మంచిదే. మా వాళ్ళు ఊరు వదిలి ఈ ఊరొచ్చి, మా కులం అడిగితే ఇంకేదో చెప్పుకుంటూ బతికారు. గజ్జెలు మాత్రం పారెయ్యలేదు. ట్రంకు పెట్టెలో అడుగున, పాత దుప్పటిలో చుట్టి ఉంటాయి. పెట్టె కదిలిస్తే చిన్నగా చప్పుడవుతుంది, అమ్మ వెంటనే ‘ఎవరే అది’ అంటుంది. మా చెల్లి కూచిపూడి నేర్చుకుంటానంటే మూడు రోజులు అన్నం తినకుండా కూర్చుంది మా అమ్మ. బయట ఏ కులం అమ్మాయైనా నేర్చుకోవచ్చు, మా ఇంట్లో కాదు.

‘తిరుగుబోతు’ దాకా ఓకే. దాని తర్వాతి మాట కూడా ఎత్తుకుందాం అని శనివారం ఎవరో అన్నారు. నేను పక్కనే ఉన్నాను. నా చేతిలో ఆ మాట ఉంటే ఎదురు తిరిగినట్టు ఉండదు, ఒప్పుకున్నట్టు ఉంటుంది. దయచేసి వద్దు.

మోడరేటర్ · సాయంత్రం 4.55

రెండు వ్యాఖ్యలు తీసేశాను, రెండూ ఒకే ఖాతావి. ‘వాళ్ళే ఒప్పుకున్నారుగా, ఇంక మనమంటే తప్పేంటి’ అన్న ధోరణి. ఆ ఖాతా మూసేశాను.

గాజువాక_గౌరి · సాయంత్రం 5.05

చూశారా? సరిగ్గా ఇదే నా భయం. మోడరేటర్ గారు ఇక్కడ మూశారు. మా వీధిలో ఎవరు మూస్తారు?

ఎర్రమట్టి_దిబ్బ · సాయంత్రం 6.10

అక్కలకి, చెల్లెళ్ళకి నమస్కారం. నేను స్టీల్ ప్లాంటులో చేస్తాను, యూనియన్ మనిషిని. నా అభిప్రాయం చెప్తున్నాను, తప్పుంటే దిద్దండి.

ఈ ఊళ్ళో పుట్టిన నినాదం ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’. 1966లో ఆ మాట కోసం 32 మంది ప్రాణాలు పోయాయి. అరవై ఏళ్ళు కావస్తోంది, ఇప్పటికీ గాంధీ బొమ్మ దగ్గర ఒకళ్ళు ‘విశాఖ ఉక్కు’ అంటే చాలు, బస్సులో వెళ్ళేవాళ్ళు కూడా రెండో సగం అందుకుంటారు. అందులో తిట్టు లేదు, బూతు లేదు. ఎవరి కూతురికైనా నేర్పించొచ్చు. మీ ప్లకార్డుకి రెండో సగం ఎవరందుకుంటారు?

ఘాటు కావాలంటే వేరే దారులున్నాయి. ఆ మధ్య మా మహిళా విభాగం వాళ్ళు ఒక అధికారికి పళ్ళెంలో చీర, గాజులు, పసుపు కుంకుమ పెట్టి ఇచ్చారు. పని చెయ్యడం చేతకాకపోతే ఇవి వేసుకుని కూర్చోమని. పేపర్లో ఫొటో వచ్చింది, ఎవరి పరువూ పోలేదు.

రాత్రి_డ్యూటీ · సాయంత్రం 6.40

లేచాను. లేవగానే ఇది చదివాను.

అన్నా, గాజులు వేసుకున్నవాళ్ళు చేతకానివాళ్ళు అని ఆడవాళ్ళ చేతే చెప్పించారా? దానికన్నా ఆ పిల్ల ప్లకార్డే నయం. మాకు వార్డులో గాజులు వేసుకోనివ్వరు, ఇన్ఫెక్షన్ అని తీసేయిస్తారు. మీ లెక్కన ఎనిమిది గంటలు డ్యూటీలో నేను మగాడిని, ఇంటికొచ్చి గాజులు వేసుకోగానే చేతకానిదాన్ని.

ఎర్రమట్టి_దిబ్బ · సాయంత్రం 6.52

ఆ కోణంలో ఆలోచించలేదు అక్కా. అయినా ఇచ్చింది ఆడవాళ్ళే కదా అనుకున్నాం.

లైబ్రరీ_మెట్లు · రాత్రి 7.30

ఊరి_చివర గారూ, లేఖ సంగతి చెప్పకపోవడం నా తప్పే. నాకు అనుకూలమైనంత వరకే చెప్పాను.

ఒక్క విషయం మాత్రం ఉంది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఒక పుస్తకం తెచ్చింది, తీర్పుల్లో, పిటిషన్లలో ఆడవాళ్ళ గురించి ఏ మాటలు వాడకూడదో, బదులుగా ఏం వాడాలో చెప్తూ. ‘స్లట్’ ఉంది అందులో. దానికి బదులు ఇచ్చిన మాట ఏమిటో తెలుసా? ‘స్త్రీ’. అంతే. ‘ఈవ్ టీజింగ్’ అనకండి, వీధిలో లైంగిక వేధింపు అనండి అని ఉంది. ఇది ఒక దారి, మాటని రికార్డుల్లోంచి తీసేయడం. ప్లకార్డు మీదకి ఎత్తడం ఇంకో దారి. నేను రెండోదే ఎక్కువ పనిచేస్తుందనుకునేదాన్ని. కోర్టులో జూనియర్‌గా నాలుగేళ్ళు చేశాక అంత నమ్మకం లేదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ‘మీరు రాత్రిళ్ళు తిరుగుతారట కదా’ అని అడిగినప్పుడు బోనులో ఉన్న అమ్మాయి గొంతు ఎలా ఆరిపోతుందో దగ్గర నుంచి చూశాను. ఆమె చేతిలో చార్టు ఉండదు అప్పుడు.

పాత_కరపత్రం · రాత్రి 9.15

అన్నీ చదివాను. నా వయసు అరవై మూడు, కళ్ళద్దాలు రెండుసార్లు తుడుచుకున్నాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఈ మాటల గొడవ మా తరానికి బాగా తెలుసు. జయప్రభ ‘పైటను తగలెయ్యాలి’ అని కవిత రాసినప్పుడు యూనివర్సిటీ క్యాంటీన్లో జరిగిన రభస ఇప్పటికీ గుర్తు. ఆ రెండు మాటలు దాటి కవితలోకి వెళ్ళినవాళ్ళు నా చుట్టుపక్కల తక్కువ. స్త్రీవాదుల రాతల్ని ‘నీలి’ అని ఎత్తిపొడిచిన రోజులవి. 1993లో ఓల్గా సంపాదకత్వంలో కవితల సంకలనం వచ్చింది, దాని పేరు ‘నీలిమేఘాలు’. పుస్తకం చేతిలోకి తీసుకోగానే నవ్వుకున్నాను, తిట్టుని తీసుకెళ్ళి ఆకాశంలో పెట్టారని. కాబట్టి ఈ పని ఎక్కడో టొరంటోలో నేర్చుకోవాల్సిన ఖర్మ మనకి లేదు.

ఆ రోజుల్లోనే నెల్లూరు వైపు ఇంకోటి జరుగుతోంది. 1992, దూబగుంట. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు సారా దుకాణాల మీద పడ్డారు. చీపుళ్ళు, కారప్పొడి. మరుసటి ఏడాది సారా పోయింది, 1995లో మద్యమంతా నిషేధమైంది, 1997లో నిషేధాన్ని ఎత్తేశారు, అది వేరే కథ. నేనూ ఓ పది రోజులు అటు వెళ్ళాను. వాళ్ళ నోటి వెంట వచ్చిన తిట్లు మా కవులెవరూ రాయలేదు. అయితే ఒకటి గమనించాను. కాంట్రాక్టర్ని తిట్టినా ఆ తిట్టు చివరికి వాడి తల్లి మీదో పెళ్ళాం మీదో పడేది. అప్పుడు అడగాలనిపించలేదు. ఆ ఆవేశం ముందు వ్యాకరణం ఏం మాట్లాడతాం?

ఇప్పుడు అసలు విషయం. 2004 జులైలో ఇంఫాల్‌లో, కాంగ్లా కోట గేటు ముందు, పన్నెండు మంది తల్లులు బట్టలు విప్పి నిలబడ్డారు. మనోరమ అనే అమ్మాయిని సైనికులు ఇంట్లోంచి తీసుకెళ్ళారు, తర్వాత శవం దొరికింది. ఆ తల్లులు పట్టుకున్న బ్యానరు మీద ‘భారత సైన్యమా, మమ్మల్ని రేప్ చెయ్యి’ అని ఇంగ్లిషులో ఉంది. అంతకన్నా రెచ్చగొట్టే వాక్యం ఈ దేశంలో నేను చూడలేదు. దాన్ని అర్థం ప్రకారం చదివితే పిచ్చి. కానీ ఆ రోజు దాన్ని తప్పుగా అర్థం చేసుకున్నవాళ్ళు ఎవరూ లేరు. ఎందుకంటే వెనకాల మనోరమ ఉంది.

అప్పటి మన జిల్లాకి వస్తే వాకపల్లి. 2007 ఆగస్టు. పదకొండు మంది కోందు గిరిజన స్త్రీలు, నక్సలైట్ల కోసం పెట్టిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని చెప్పారు. వాళ్ళు ఏ ప్లకార్డూ పట్టుకోలేదు. జరిగింది జరిగినట్టు చెప్పారు, అంతే. అదే రెచ్చగొట్టే భాష అయిపోయింది. అబద్ధమన్నారు, ఎవరో చెప్పించారన్నారు. పదహారేళ్ళకి, 2023 ఏప్రిల్లో, ఇక్కడే విశాఖ కోర్టు పోలీసుల్ని నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు సరిగ్గా జరగలేదని చెప్పి ఆ స్త్రీలకి పరిహారం ఇమ్మంది. తీర్పు వచ్చిన రోజు కోర్టు బయట మేం పదిమందిమి కూడా లేము. ఆ రోజు ఏం రాసి పట్టుకోవాలో మాకెవరికీ తోచలేదు. నేను కొత్త చార్టు కొన్నాను కూడా. తెల్లగానే ఇంటికి తెచ్చాను.

అందుకే అమ్మాయీ, నీ మాట ఘాటు ఎక్కువైందని నేననను. ఆ మాట పడి దెబ్బతిన్న మనిషి ఆ నడకలో నీ పక్కనే ఉంది, ఆమెని అడిగావా? గౌరి పక్కనే నడిచింది. అడగలేదు. నేనూ అడగలేదు, నా పక్కన నడిచినవాళ్ళని.

కెరటం_కింద · రాత్రి 10.30

అడగలేదమ్మా. అసలు తట్టలేదు. చార్టు బాగుందా అని మాత్రం అడిగాను. గౌరక్కని కూడా, ‘అక్షరాలు కనిపిస్తున్నాయా అక్కా’ అని.

రాత్రి_డ్యూటీ · రాత్రి 10.50

డ్యూటీకి వెళ్తూ ఆటోలోంచి. అందరూ ఆ ఒక్క ప్లకార్డునే పట్టుకుని లాగుతున్నారు గానీ, శనివారం మగవాళ్ళకి నిజంగా మంట పుట్టించింది ఏదో చెప్పనా? వైఎంసీఏ దగ్గర టీ కొట్టులో కుర్రాళ్ళు ‘తిరుగుబోతులమే’ చూసి ఈల వేశారు, సెల్ఫీలు తీసుకున్నారు. వెనకాల ఎవరిదో చిన్న అట్ట ముక్క, ‘నీ కంచం నువ్వే కడుక్కో’. అది చూసి ఒక పెద్దమనిషి టీ గ్లాసు బల్ల మీద టక్కున పెట్టేసి, ‘ఇళ్ళు కూలుస్తారా మీరు’ అని లేచి వెళ్ళిపోయాడు. పాకిస్తాన్‌లో 2018లో ఆడవాళ్ళు చేసిన ఔరత్ మార్చ్‌లోనూ ఇంతేనట, ‘నీ అన్నం నువ్వే వేడి చేసుకో’ అన్న ప్లకార్డుకి దేశమంతా అట్టుడికిపోయిందని చదివాను. బూతుకి వాళ్ళు అలవాటుపడ్డారు, వాళ్ళ నోట్లోదేగా. కంచం కడగడానికే అలవాటుపడలేదు.

గాజువాక_గౌరి · రాత్రి 11.05

అది రాసింది మా లైన్లో అమ్మాయే. చెప్తాను తనకి, సంతోషిస్తుంది.

కెరటం_కింద · మంగళవారం, ఉదయం 8.20

పొద్దున్నే నాలుగున్నరకి ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాను. గేటు పుస్తకంలో కారణం ‘చేపలు’ అని రాశాను, ఒక్కసారైనా నిజం. శనివారం నడకలో కలిసిన చేపలమ్ముకునే ఆవిడ అక్కడ పాట దగ్గర ఉంటానని చెప్పింది. వేలం అయ్యేదాకా నా మొహం చూడలేదు. గంపలో కానాగంతలు సర్దుకుని, మీద ఐసు ముక్కలు చల్లి, తడిగోనె కప్పి, అప్పుడు ‘ఏటే గుంటా, ఏటి కావాలి’ అంది.

ప్లకార్డు చుట్టి తీసుకెళ్ళాను. విప్పి చూపించాను. తను చదవలేదు, చదివి వినిపించమంది. వినిపించాను. పక్కనున్న నలుగురూ ఒకటే నవ్వు.

‘ఒలమ్మా, తిరుగుబోతులమే మరి. మాము తిరక్కపోతే మీ కూరలోకి సేపలు ఎగిరొత్తాయేటి’ అంది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఇంకా ఏదో చెప్పబోతుంటే గంప నెత్తికెత్తుకుంటూ అంది, ‘మా ఆయన తాగొచ్చి ఇదే మాటంతాడు. ఆడన్నప్పుడు నవ్వు రాదు.’ గంప ఎత్తడానికి ఒక పక్క చెయ్యి వెయ్యమంది. వేశాను. ఎంత బరువుందంటే నా మోచెయ్యి ఇంకా లాగుతోంది.

నాకు తోచింది ఇది. ప్లకార్డు మార్చి ‘మేం తిరక్కపోతే మీ కూరలోకి చేపలు రావు’ అని రాద్దామా? గౌరక్క కూడా పట్టుకోగలదు.

ఎర్రమట్టి_దిబ్బ · ఉదయం 8.45

ఇది బ్రహ్మాండంగా ఉంది. దీనికి రెండో సగం అందుకుంటారు జనం.

రాత్రి_డ్యూటీ · ఉదయం 9.30

నాకు నచ్చలేదు. బాగుంది, కానీ నచ్చలేదు. చేపల కోసం తిరిగితే సరే, సెలైన్ పెట్టడానికి తిరిగితే సరే, షిఫ్టు కోసం తిరిగితే సరే. నీ హాస్టల్ పుస్తకంలో ‘కారణం’ గడి మళ్ళీ నింపినట్టే కదా పిల్లా? నువ్వు రాయాలనుకున్నది ‘ఊరికే, గాలి కోసం’. ఆ మాటే కదా వాళ్ళకి గుచ్చుకుంది. నా మెడలో ఐడీ కార్డు లేకుండా ఒక్క రాత్రి ఆ గోడ మీద కూర్చుని సముద్రం చూడాలని నాకెప్పటి నుంచో ఉంది. నా తరఫున ఎవరు నడుస్తారు?

పాత_కరపత్రం · ఉదయం 10.10

1977లో ఇంగ్లండులో లీడ్స్ అనే ఊళ్ళో, హంతకుడొకడు తిరుగుతున్నాడు కాబట్టి ఆడవాళ్ళు రాత్రి బయటికి రావద్దని పోలీసులంటే, ఆడవాళ్ళు కాగడాలతో నడిచారు. రాత్రి మాది, మాకు ఇచ్చెయ్యండి అని. 2024 ఆగస్టు 14 అర్ధరాత్రి కోల్‌కతాలో, డాక్టరమ్మాయి హత్య తర్వాత, అక్కడి ఆడవాళ్ళు ‘రాత్ దఖల్’ అన్నారు. మనకీ ‘దఖలు’ ఉంది, దస్తావేజుల్లో, ఎవరికో అప్పగించడానికి. వాళ్ళది ఆక్రమించుకోవడం. ఆ రెండిట్లోనూ రాత్రి బయట తమకేం పనో కారణం చెప్పుకోలేదు. నర్సమ్మ చెప్పింది సబబుగానే ఉంది.

ఊరి_చివర · ఉదయం 10.40

సబబే. కానీ కారణం లేకుండా తిరిగే తీరిక కూడా అందరికీ ఒకేలా లేదు. రెండు ప్లకార్డులూ ఉండనివ్వండి, ఎవరిది వాళ్ళు పట్టుకుంటారు. ఫొటో తీసేముందు పక్కనున్నవాళ్ళని అడగండి. తిట్టు మాటలున్నవి ఒక వైపు నడవనివ్వండి, పక్కన నిలబడాలో వద్దో తెలుసుకుని నిలబడతాం.

నాయనమ్మ_గజ్జెలు · ఉదయం 10.55

నేను ఖాళీ చార్టుతో వస్తాను.

కెరటం_కింద · మధ్యాహ్నం 1.05

సరే. ఆదివారం సాయంత్రం నాలుగింటికి పబ్లిక్ లైబ్రరీ దగ్గర కూర్చుని రాసుకుందాం. మార్కర్లు నేను తెస్తాను. చార్టు కొలత మేష్టారు చూసుకుంటారు.

గౌరక్కా, వస్తావా? నడక ఈసారి కూడా పదిన్నరకే అనుకుంటున్నాం.

గాజువాక_గౌరి · మధ్యాహ్నం 1.30

పదిన్నరకి మొదలైతే పన్నెండవుతుంది. అప్పుడు గాజువాకకి బస్సేది? నా ప్లకార్డు మీద రాసింది అదే కదా, ఎవరూ చదవలేదా?

లైబ్రరీ_మెట్లు · మధ్యాహ్నం 1.34

మొన్న మీరంతా ఎలా వెళ్ళారు?

గాజువాక_గౌరి · మధ్యాహ్నం 1.50

మా వాళ్ళు రెండు ఆటోలు మాట్లాడుకుని ఇరుక్కుని వెళ్ళారు. నన్ను మా ఆయన బండి మీద వచ్చి తీసుకెళ్ళాడు. కాన్వెంట్ జంక్షన్ దాటేదాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘ఆ పసుపు ప్లకార్డు నువ్వు కూడా పట్టుకున్నావా’ అన్నాడు. లేదన్నాను. పట్టుకోలేదు కూడా.

కెరటం_కింద · మధ్యాహ్నం 1.58

తొమ్మిదికి మొదలుపెడదాం అక్కా. ఆఖరి బస్సు ఎన్నింటికో ఆర్టీసీ కాంప్లెక్స్‌లో కనుక్కుని సాయంత్రం చెప్తాను.